చదువుతుంటే వచ్చే ఆవులింత గురించి ఎవాగ్రియుస్

ఆధ్యాత్మిక పుస్తకం పట్టుకుని కూర్చున్నవాడికి ఏమవుతుందో 4వ శతాబ్దంలోనే ఒక ఎడారి ముని పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. మొదట ఆవులింతలు. కళ్లు నులుముకోవడం, ఒళ్లు విరుచుకోవడం. చూపు పుస్తకం మీంచి గోడ మీదికి పోతుంది. మళ్లీ నాలుగు ముక్కలు చదువుతాడు. ఇంకా ఎంత ఉందోనని ఆకులు తిప్పి లెక్కపెడతాడు. రాత బాగాలేదంటాడు, అలంకారం బాగాలేదంటాడు. చివరికి పుస్తకం మూసి తలకింద పెట్టుకుని పడుకుంటాడు. ఆ నిద్రయినా సరిగా పట్టదు, ఆకలి లేపేస్తుంది.

ఇది రాసింది పొంతుకు చెందిన ఎవాగ్రియుస్. కాన్‌స్టాంటినోపుల్‌లో డీకనుగా, అంటే గురువు కంటే ఒక మెట్టు కింది సేవకుడిగా, మంచి పేరు సంపాదించి, అన్నీ వదులుకుని యెరూషలేము మీదుగా ఈజిప్టు చేరాడు. నిత్రియాలో రెండేళ్లు ఉన్నాడు. ఆ తర్వాత 399లో చనిపోయేదాకా కెల్లియా ఎడారిలోనే బతికాడు. అక్కడ ఆయన జీవనోపాధి పుస్తకాలకు నకళ్లు రాయడం. చేతిరాత చాలా అందంగా ఉండేదట, తిండికి సరిపడా మాత్రమే సంపాదించేవాడట. కాబట్టి ‘రాత బాగాలేదు’ అని సాకు వెతికే పాఠకుణ్ణి ఆయన ఊరికే ఊహించి రాశాడని నేననుకోను. శరీరం కంటే ముందే ఆత్మలు ఉండేవనడం వంటి విషయాల్లో ఆయన బోధలు 6వ శతాబ్దంలో ఖండనకు గురయ్యాయి. కానీ సాధన గురించి ఆయన చెప్పింది పోలేదు. ఎడారి మునుల బోధలను లాటిన్‌లో రాసిన జాన్ కాసియన్ ద్వారా పడమటి శ్రీసభలోకి వచ్చి నిలిచింది.

ఈ స్థితికి ఆయన వాడిన పేరు అకీడియా. మనిషిని లాగే ఎనిమిది దురాలోచనల్లో ఇదే అన్నిటికంటే బరువైనదంటాడు. పగటి నాలుగో గంటకు, అంటే మన పది గంటల ప్రాంతంలో మొదలై ఎనిమిదో గంట దాకా, అంటే రెండింటి దాకా పీడిస్తుంది. సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది. పగలు యాభై గంటలున్నట్టు ఉంటుంది. కిటికీలోంచి చూడటం, గదిలోంచి బయటికి రావడం, తొమ్మిదో గంటకు ఇంకా ఎంత ఉందోనని ఎండ వంక చూడటం. ఆ మునులు తినేది రోజుకొక్కసారి, ఆ తొమ్మిదో గంటకే. ఎండ ముదిరేదీ, కడుపు మాడేదీ ఆ వేళలోనే. తర్వాత ఆలోచనలు వరసకడతాయి: ఈ చోటు నాకు పడదు, ఈ పని నాది కాదు, ఇక్కడ నన్ను పలకరించేవాడే లేడు, దేవుణ్ణి ఎక్కడున్నా మెప్పించవచ్చు కదా.

దీన్ని బద్ధకం అనుకుంటే మందు తప్పుతుంది. అకీడియా పట్టినవాడు రోజంతా ఉరుకులు పరుగులు పెడుతుండవచ్చు. దైవసంబంధమైన మేలు ఎదురుగా ఉన్నా దాని పట్ల కలిగే విచారమే అకీడియా అన్నాడు పునీత థామస్ అక్వినాస్. అందుకే పరీక్షల పుస్తకమో వ్యాపార లెక్కలో గంటల తరబడి చూసేవారికి కూడా సువిశేషం తెరిస్తే పది నిమిషాల్లో కళ్లు మూతపడతాయి.

ఎవాగ్రియుస్ చెప్పిన మందుల్లో నేను మొదటి స్థానం ఇచ్చేది కొలతకు. ప్రతి పనికీ ఒక కొలత పెట్టుకో, అది పూర్తయ్యేదాకా లేవకు అన్నాడాయన. ‘రోజూ కాస్త చదువుతాను’ అన్నది కొలత కాదు. బైబులులోని 119వ కీర్తన తీసుకోండి. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొక భాగం, ఎనిమిది వచనాలు. ముందు పెదవులు కదిలేలా ఒకసారి నిదానంగా చదవాలి. రెండోసారి, ఎక్కడ మనసు ఆగితే అక్కడే ఆగాలి. ఆ వచనాన్ని నాలుగైదుసార్లు నోట్లో మననం చేసి, దాని మీదే దేవునితో రెండు మాటలు మాట్లాడి, పుస్తకం మూసేయాలి. ఇరవై నిమిషాలకు మించి పట్టదు.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది మొదటి వారంలోనే. ఉత్సాహం ఉన్నరోజు మూడు భాగాలు చదివేస్తారు. మర్నాటికి అదే కొత్త కొలతై కూర్చుంటుంది, నాలుగో రోజుకు మోయలేరు. బాగా సాగినరోజు కూడా ఎనిమిది వచనాల దగ్గరే ఆపండి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు భాగాలు చదివి బాకీ తీర్చే ప్రయత్నం చేయకండి, ఆ రోజు భాగం మాత్రమే చదవండి. బాకీలు పేరుకుంటే పుస్తకం వంక చూడాలంటేనే భయమేస్తుంది, దాంతో చదువు అక్కడితో ఆగిపోతుంది.

పునీత బెనెడిక్టు మఠవాసులకు రాసిన నియమావళి 48వ అధ్యాయంలో ఈ సంగతి ఎంత బాగా తెలిసి రాశారో చూడండి. పాస్కాకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక్కొక్కరికి ఒక పుస్తకం ఇవ్వాలి, దాన్ని మొదటి నుంచి వరసగా పూర్తిగా చదవాలి. చదివే వేళలో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి, అకీడియాతో ఊరికే కూర్చున్నవాడో కబుర్లు చెప్పేవాడో ఉన్నాడేమో చూడాలి. పాస్కా (ఈస్టర్) తర్వాత ఎండాకాలంలో చదువుకు కేటాయించిన వేళ నాలుగో గంట నుంచి ఆరో గంట దాకా. ఎవాగ్రియుస్ ప్రమాదమని చెప్పిన వేళ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఇంట్లో మనకు తిరిగి చూసే పెద్దలుండరు. భార్యాభర్తలో, తల్లీకూతుళ్లో ఒకే గదిలో ఒకే వేళకు ఎవరి పుస్తకం వాళ్లు పట్టుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

రెండో మందు ఎదురు జవాబు. ఎడారిలో శోధకుడికి యేసు మూడుసార్లూ లేఖనంతోనే జవాబిచ్చాడు కదా, ఆ పద్ధతిలోనే ఎవాగ్రియుస్ ఒక పుస్తకం కూర్చాడు. ఎనిమిది దురాలోచనలకు ఎనిమిది భాగాలు, మొత్తం ఐదువందలకు కాస్త తక్కువ జవాబులు. వచ్చిన ఆలోచన ఇదీ, దానికి చెప్పాల్సిన వచనం ఇదీ అని వరసగా ఉంటాయి. మనం సొంతంగా చేసుకోవాలంటే మూడు నాలుగు చాలు. వచ్చే ఆలోచనను ఉన్నదున్నట్టు ఒక్క వాక్యంలో రాయండి. ‘నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు’ అన్నదానికి 27వ కీర్తనలో తల్లిదండ్రులు విడిచినా ప్రభువు చేరదీస్తాడన్న వచనం ఉంది. ‘దీనివల్ల ఏం ఒరుగుతోంది’ అన్నదానికి అదే కీర్తన చివరి వచనం, ధైర్యంగా ప్రభువు కోసం వేచి ఉండమనేది. అంతా నిస్సారంగా అనిపించినప్పుడు ఎవాగ్రియుస్ చెప్పేది 42వ కీర్తన: ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?’ నీలో ఒక సగం ఇంకో సగాన్ని ఓదార్చాలంటాడు. జవాబు పైకి వినబడేలా ఒక్కసారి చెప్పి చదువులోకి వెళ్లిపోవాలి. ఆ ఆలోచనతో వాదనకు దిగారో, ఇరవై నిమిషాలూ దానికే పోతాయి.

మూడోది, లేవకపోవడం. శోధన వేళలో గది వదలవద్దు, సాకులు ఎంత సబబుగా ఉన్నా సరే అంటాడు. ఆయన కాలంలో కిటికీ, మన కాలంలో ఫోన్. అది వేరే గదిలో ఉండాలి, బైబులు కాగితం మీదే చదవాలి. సాకులు చెడ్డవిగా ఉండవని మరవకండి. రోగిని చూసి రావాలి, దిక్కులేని ఆవిడకు ఏదైనా చేయాలి అని పుణ్యకార్యాల రూపంలోనే వస్తాయని కాసియన్ హెచ్చరించాడు. గుర్తుపట్టడం కష్టం కాదు. పుస్తకం తెరిచినప్పుడే పుట్టి, మూయగానే మాయమయ్యే తొందర అయితే అది సాకే. నిజమైన పని ఇరవై నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటుంది. పసిబిడ్డ ఏడుపు, ముసలివాళ్ల మందులు మాత్రం ఈ లెక్కలోకి రావు. వెంటనే లేవాలి.

చేతిపనిని కూడా ఇందులో కలపాలి. అకీడియాతో సతమతమవుతున్న ఎడారి ముని పునీత అంతోనికి తనలాంటి మనిషి ఒకడు కనిపించాడట: కూర్చుని తాడు పేనుతాడు, లేచి ప్రార్థిస్తాడు, మళ్లీ కూర్చుని పేనుతాడు. ఆ మనిషి దేవుడు పంపిన దూత; ఇలా చెయ్యి, రక్షణ పొందుతావు అని చెప్పాడు. కాసియన్ చెప్పిన పౌలు అనే ముని సంగతి ఇంకా గట్టిది. ఆయన ఉండేచోటికి ఊరు ఏడు రోజుల నడక, సరుకు మోయించే కూలి అమ్మకం ధరను మించిపోతుంది. అయినా ఏడాది పొడుగునా తాటాకులతో పని చేసి, ఏడాది చివర అంతా తగలబెట్టేవాడు. చదువు ముందో తర్వాతో పూలు కట్టడం, బియ్యం ఏరడం, బట్టలు మడతపెట్టడం లాంటి పని పెట్టుకుని, ఆనాటి వచనాన్ని అందులో మననం చేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, చావు ఆలోచనలు రావడం జరుగుతుంటే అది పఠనంతో సరిచేసుకునేది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలాంటి మనిషికి ‘ఇంకా ప్రార్థించు’ అని సలహా ఇవ్వడం పాపమనే అంటాను.

అంత లేకపోయినా, చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఎడారిలో చిన్నవాళ్లు తమ ఆలోచనలను పెద్దల ముందు విప్పి చెప్పేవారు. మీ విచారణ (పారిష్) గురువులకో, నమ్మకమున్న మఠకన్యకో నెలకోసారి మూడు సంగతులు చెప్పండి: ఏ వేళకు లేచిపోవాలనిపిస్తోంది, అప్పుడు ఏ ఆలోచన వస్తోంది, దానికి ఏ వచనం చెబుతున్నారు.