సూపర్‌మ్యాన్ చేతుల్లో పడితే బతుకుతారా?

"సినిమాలో లాజిక్ వెతక్కూడదు" అనే మాట మన దగ్గర ప్రతి థియేటర్ బయటా వినిపిస్తుంది. సూపర్ హీరో సినిమాల విషయంలో నాకు ఈ మాట అస్సలు నచ్చదు. మనిషి గాల్లో ఎగురుతాడని ఒప్పుకునే టికెట్ కొన్నాం, దాని మీద పేచీ లేదు. ఆ ఒక్క వరం ఇచ్చేశాక మిగతా లోకం మాత్రం మన లోకంలాగే నడవాలి. పడేది కిందికే పడాలి, బరువున్నది బరువుగానే ఉండాలి, 2012కి నాలుగు కలిపితే 2016 రావాలి. అభిమానులు వేసే జోకుల్లో పదేళ్ల తర్వాత కూడా నవ్వించేవన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. "వాడెలా ఎగురుతున్నాడు?" అని అడిగితే ఎవరూ నవ్వరు. "వాడు ఎగిరొచ్చి పట్టుకున్న అమ్మాయి మెడ ఏమైంది?" అని అడగండి, గ్రూపులో రాత్రంతా చర్చ నడుస్తుంది.

ముందు ఆ మెడ సంగతే చూద్దాం. 1978లో వచ్చిన సూపర్‌మ్యాన్ సినిమాలో విలేకరి లోయిస్ లేన్ హెలికాప్టర్ నుంచి జారి బిల్డింగ్ మీద నుంచి పడిపోతుంది. సూపర్‌మ్యాన్ కింది నుంచి పైకి ఎగిరొచ్చి చేతులతో పట్టుకుంటాడు. చూడ్డానికి అద్భుతమైన సీను. లెక్క వేస్తే మాత్రం ఆమెను చంపింది నేల కాదు, ఆ చేతులే.

ఈ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. ఎంత ఎత్తు నుంచి పడ్డారో ఆ మీటర్లని, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. వచ్చిన అంకె ఎన్ని 'జీ'లో చెబుతుంది. అంటే ఒంటి మీద మన బరువుకి ఎన్ని రెట్లు పడిందో తెలుస్తుంది. దానికి మామూలుగా నిలబడ్డప్పుడు మోసే 1 జీ కలుపుకోవాలి. 100 మీటర్లు పడితే గాలి అడ్డు వదిలేస్తే వేగం గంటకి సుమారు 160 కిలోమీటర్లు. పట్టుకున్నవాడి చేతులు అర మీటరు కిందికి దిగాయనుకుందాం. 100ని 0.5తో భాగిస్తే 200 జీ. మనిషి తల దాదాపు 5 కిలోలు. 200 జీ దగ్గర అదే తల మెడకి టన్ను బరువు. 1954లో అమెరికా వైమానిక దళానికి చెందిన జాన్ స్టాప్ అనే డాక్టరు రాకెట్ బండి మీద కూర్చుని 46.2 జీ తట్టుకుని బతికాడు. అది కూడా ఒళ్లంతా బెల్టులతో బిగించుకుని, కళ్లలో రక్తం గడ్డకట్టేంత దెబ్బ తిని. 200 జీ అంటే దానికి నాలుగు రెట్లు పైనే.

పైగా అతను పైకి ఎగురుతూ వచ్చి పట్టుకోవడం ఇంకా ఘోరం. ఆమె సెకనుకి 40 మీటర్ల వేగంతో దిగుతుంటే అతను 20 మీటర్ల వేగంతో ఎక్కుతున్నాడనుకోండి, ఇద్దరూ కలిసే వేగం 60. దెబ్బ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. అతను కదలకుండా గాల్లో నిలబడి ఉన్నా ఇంతకన్నా నయం.

మరి ఎలా పట్టుకోవాలి? స్లిప్పులో నిలబడ్డ ఫీల్డర్ బంతితో పాటు చేతులు వెనక్కి లాగినట్టు. ముందు ఆమెకన్నా వేగంగా కిందికి దూకి, ఆమె వేగానికి తన వేగం సమానం చేసుకుని, అప్పుడు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. 100 మీటర్లు పడ్డ మనిషిని, ఆ మామూలు 1 జీ కూడా కలుపుకుని, 6 జీ లోపల ఆపాలంటే కనీసం 20 మీటర్ల ఖాళీ కింద మిగిలి ఉండాలి. కాబట్టి 120 మీటర్ల బిల్డింగ్ అయితే పడటం మొదలైన 100 మీటర్లలోపే బ్రేకు పడాలి. ఇకమీదట ఏ సినిమాలో రెస్క్యూ సీను వచ్చినా హీరో ఎటు నుంచి వచ్చాడు, పట్టుకున్నాక ఇంకా ఎన్ని అంతస్తులు దిగాడు, ఈ రెండే చూడండి. దర్శకుడు ఆలోచించాడో లేదో తెలిసిపోతుంది.

కామిక్స్ వాళ్లు ఈ సంగతి సినిమా వాళ్లకన్నా ముందే పట్టుకున్నారు. 1973 జూన్ తేదీతో వచ్చిన ద అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో విలన్ గ్రీన్ గాబ్లిన్ హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీద నుంచి తోసేస్తాడు. స్పైడర్‌మ్యాన్ సాలెతాడు విసిరి కాలు దగ్గర పట్టుకుంటాడు. ఆమె మెడ పక్కన చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఒక శబ్దం రాసి ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు చాలామంది కళ్లు దాన్ని దాటేసి పోతాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే జేమ్స్ కకాలియోస్ దీన్నే పాఠంగా తీసుకున్నాడు: 300 అడుగులు పడితే గంటకి 95 మైళ్ల వేగం, అంత వేగాన్ని తాడు అర సెకనులో ఆపేస్తే మెడ నిలవడం కష్టం. అదే కథలో ఇంకో తప్పు కూడా ఉంది. మాటల్లో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి అని ఉంటుంది, బొమ్మలో గీసింది చూస్తే బ్రూక్లిన్ బ్రిడ్జిలా ఉంటుంది. న్యూయార్క్ చూసినవాళ్లకి ఇట్టే దొరికిపోతుంది, ఎందుకంటే ఒకదాని స్తంభాలు ఉక్కు చట్రాలు, రెండోదానివి రాతి గోపురాలు. 2021లో వచ్చిన నో వే హోమ్‌లో ఆండ్రూ గార్‌ఫీల్డ్ స్పైడర్‌మ్యాన్ తాడు విసరకుండా తనే దూకి, పడిపోతున్న ఎంజే అనే అమ్మాయిని చేతుల్లోకి తీసుకుంటాడు. పాత కథ తెలిసినవాళ్లకి ఆ షాట్‌లో గొంతు పట్టేస్తుంది.

ఐరన్‌మ్యాన్ కవచానికీ ఇదే సూత్రం. బయట ఎంత గట్టి లోహం ఉన్నా లోపలి మనిషి ఆగే దూరం మారదు. కవచం లోపల 5 సెంటీమీటర్ల మెత్త ఉందనుకుంటే గట్టి నేల మీద 10 మీటర్ల నుంచి పడినా 200 జీ వస్తుంది. 2008 సినిమాలో గుహ నుంచి తప్పించుకుని ఎగిరినప్పుడు అతను ఎడారి ఇసుకలో పడతాడు. బతకడానికి ఎంతో కొంత ఆస్కారం ఉంటే ఆ ఇసుక వల్లే, కవచం వల్ల కాదు.

ఎగతాళి చేసినవాళ్లే ఓడిపోయిన సందర్భాలూ ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. 2004 స్పైడర్‌మ్యాన్ 2లో సాలెతాళ్లతో రైలు ఆపడం మీద ఎన్ని జోకులు వచ్చాయో లెక్కలేదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కూర్చుని లెక్క కట్టారు. రైలుని ఆపడానికి కావాల్సిన బలం సుమారు 3 లక్షల న్యూటన్లు, దానికి తాడు ఉండాల్సిన గట్టిదనం సుమారు 3.12 గిగాపాస్కల్స్ అని తేలింది. నిజమైన సాలెపురుగు దారం కూడా ఆ కోవలోనే ఉంటుంది. సీను నిలబడింది, జోకు పడిపోయింది. అదే విశ్వవిద్యాలయం విద్యార్థులు 2012లో బ్యాట్‌మ్యాన్ కేప్ మీద లెక్క వేస్తే ఫలితం ఎదురు తిరిగింది. 4.7 మీటర్ల వెడల్పు కేప్‌తో 150 మీటర్ల ఎత్తు నుంచి దూకితే 350 మీటర్ల దూరం హాయిగా తేలుతాడు, దిగేటప్పుడు మాత్రం వేగం గంటకి 80 కిలోమీటర్లు. పారాచూట్ లేకపోతే అంతే సంగతులు.

ఇక చీమంత చిన్నగా మారిపోయే యాంట్‌మ్యాన్. అభిమానులకి ఇంత పంట పండించిన పాత్ర మరొకటి లేదు, ఎందుకంటే ఇతని నియమాన్ని సినిమానే నోరు తెరిచి చెప్పింది. 2015 సినిమాలో ఆ సూట్ కనిపెట్టిన హ్యాంక్ పిమ్ చెప్పేదాని ప్రకారం అణువుల మధ్య దూరం తగ్గుతుంది. అంటే సైజు తగ్గినా బరువు తగ్గదు, అందుకే చిన్నగా ఉన్నా పెద్ద మనిషి బలంతో గుద్దగలడు. సరే, ఒప్పుకున్నాం. ఇప్పుడు 80 కిలోల మనిషిని నూరో వంతుకి తగ్గిద్దాం, అంటే 1.8 సెంటీమీటర్లకి. రెండు పాదాల వైశాల్యం మామూలుగా 400 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే అది పదివేల వంతుకి తగ్గి 4 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది. ఆ నాలుగు మిల్లీమీటర్ల మీద 80 కిలోలు, అంటే చదరపు మిల్లీమీటరుకి దాదాపు 196 న్యూటన్లు. మన ఇళ్ల స్లాబుల్లో వేసే ఎం20 కాంక్రీటుకి లెక్కగట్టే బలం చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు. అతను నడిచిన ప్రతిచోటా నేల మీద గుంటలు పడాలి. సినిమాలో చీమ మీద స్వారీ చేస్తాడు!

అదే పిమ్ గారు నిజమైన యుద్ధ ట్యాంకుని తాళాల గుత్తికి తగిలించుకుని జేబులో వేసుకు తిరుగుతాడు. అలాంటి ట్యాంకు మామూలుగా ఇరవై, ముప్పై టన్నులు ఉంటుంది. జేబు సంగతి వదిలేయండి, బిల్డింగ్ మెట్లు మోయాలి కదా.

ఇంకా బాగుండేది ఎదురు లెక్క. 2016 కెప్టెన్ అమెరికా: సివిల్ వార్‌లో అతను పెద్దవాడవుతాడు. బరువు మారదన్న నియమం పట్టుకుని ఎత్తు పది రెట్లు పెంచి చూడండి. ఎత్తు, వెడల్పు, మందం మూడూ పదేసి రెట్లు పెరిగితే ఘనపరిమాణం వెయ్యి రెట్లు. మనిషి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1000 కిలోలు కాబట్టి ఇప్పుడది 1 కిలో. సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత 1.2 కిలోలు. అంటే యాంట్‌మ్యాన్ బెలూన్‌లా పైకి తేలిపోవాలి. విమానాశ్రయం ఫైట్‌లో ఎవరూ అతన్ని కొట్టక్కర్లేదు, కాస్త ఆగితే చాలు. నా దృష్టిలో ఈ మొత్తం సరుకులో ఇదే బెస్ట్ జోకు, ఎందుకంటే బయటి నుంచి ఒక్క నియమం కూడా తెచ్చుకోలేదు.

అర్హత ఉన్నవాళ్లే ఎత్తగల థోర్ సుత్తి కథ దీనికి పూర్తిగా వేరు. 2015 అవెంజర్స్: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ చివర్లో పాత్రలే జోకు వేసుకుంటాయి: సుత్తిని లిఫ్టులో పెడితే లిఫ్టు పైకి వెళ్తుందిగా, మరి లిఫ్టుకి అర్హత ఉన్నట్టేనా అని. నిజానికి ఈ సమస్య 2012 ది అవెంజర్స్‌లోనే ఉంది. గాల్లో ఎగురుతున్న హెలీక్యారియర్‌లో హల్క్ సుత్తి ఎత్తబోతే అతని కాళ్ల కింద నేల నలుగుతుంది, సుత్తి కదలదు. ఆ క్యారియర్ మాత్రం సుత్తిని మోసుకుంటూ హాయిగా ఎగురుతోంది. ద డార్క్ వరల్డ్‌లో అయితే థోర్ దాన్ని కోటు తగిలించే కొక్కేనికి తగిలిస్తాడు, కొక్కెం ఊడదు. దీన్నిబట్టి సుత్తి బరువైనది కాదు, ఎత్తాలనే ఉద్దేశాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. ఇలా చూస్తే అన్ని సీన్లూ ఒకదానికొకటి అతుకుతాయి. ఏజ్ ఆఫ్ అల్ట్రాన్ పార్టీ సీనులో కెప్టెన్ అమెరికా పట్టుకున్నప్పుడు సుత్తి ఒక్క పిసరు కదలడం, థోర్ మొహంలో నవ్వు ఆగిపోవడం, 2019 ఎండ్‌గేమ్‌లో అదే మనిషి దాన్ని ఎత్తేయడం, ఇవన్నీ తప్పులు కావు, ఓపిగ్గా దాచిపెట్టిన బహుమతులు.

అసలైన తప్పు కావాలంటే 2017 స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్ మొదట్లో పడే టైటిల్ కార్డు చూడండి. మొదటి సీను ది అవెంజర్స్‌లోని న్యూయార్క్ యుద్ధం ముగిశాక, అంటే 2012. తర్వాత "8 ఏళ్ల తర్వాత" అని కార్డు పడుతుంది, 2020 వచ్చేస్తుంది. కానీ ఈ కథ సివిల్ వార్ అయిన కొద్దికాలానికే జరగాలి. సివిల్ వార్‌లో విజన్ అనే పాత్ర చెప్పేదేమో, స్టార్క్ తనే ఐరన్‌మ్యాన్ అని ప్రకటించి 8 ఏళ్లయిందని. 2008కి 8 కలిపితే 2016, అది సరిపోతుంది. తప్పు కార్డు ఒక్కదానిదే. తర్వాత సివిల్ వార్ దర్శకులు రూసో సోదరులు కూడా అది తప్పేనని ఒప్పుకున్నారు.

స్క్రీన్‌షాట్ తీసి పోస్ట్ చేసేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. వీఎల్‌సీలో 'ఈ' నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు పోతుంది. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ నొక్కితే ముందుకి, కామా నొక్కితే వెనక్కి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. టీవీ స్క్రీన్ ఫోటో తీసేటట్టయితే ముందు సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది రెండు ఫ్రేముల మధ్య తనే కొత్త ఫ్రేములు పుట్టిస్తుంది, చేతికి ఆరో వేలు కనిపించేది అందుకే. ఫ్రేము పైన మైకు కనిపిస్తే అది ఏ వెర్షనో చూసుకోండి. థియేటర్లో 2.39 నిష్పత్తిలో కత్తిరించిన షాట్‌ని టీవీ కోసం పైనా కిందా తెరిచినప్పుడు థియేటర్లో ఎవరూ చూడని సామాను బయటపడుతుంటుంది. అలాంటిది కెమెరామన్ తప్పు కింద రాయకూడదు.

ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడాల్సింది 2017 జస్టిస్ లీగ్ మొదట్లో సూపర్‌మ్యాన్ పిల్లల ఫోన్‌కి మాట్లాడే వీడియో. రీషూట్ సమయానికి హెన్రీ కావిల్‌కి మిషన్ ఇంపాజిబుల్ ఫాల్ఔట్ కోసం పెంచిన మీసం ఉంది, తీయడానికి వీల్లేదు. గ్రాఫిక్స్‌లో చెరిపారు. మీసం చెరపడం అంటే వెంట్రుకలు తుడిచేయడం కాదు, ముక్కు కింది గాడి, పైపెదవి కదలిక మొత్తం కొత్తగా తయారు చేయాలి. అందుకే మాట్లాడుతున్నప్పుడు పైపెదవి బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

తెలుగు డబ్బింగ్ చూసి మీమ్ చేసేవాళ్లు ఇంకో పని చేయాలి. డబ్బింగ్‌లో మాటలు పెదవుల కదలికకి సరిపడేలా, మన నవ్వుకి తగ్గట్టు మారతాయి. 2018 ఇన్ఫినిటీ వార్‌లో విలన్ థానోస్‌కి రానా గొంతు ఇచ్చినప్పుడు ఆ పాత్ర మనకి ఎంత దగ్గరైందో తెలిసిందే. కానీ "ఈ శక్తికి ఫలానా హద్దు ఉందని సినిమాలో చెప్పారు" అని వాదించేముందు అదే సీను ఒరిజినల్ ఆడియోలో ఒకసారి వినండి. హద్దు చెప్పింది రచయితా, డబ్బింగ్ రచయితా అన్నది తేలకపోతే పోస్ట్ కింద మొదటి కామెంట్‌లోనే దొరికిపోతారు.

మన సినిమాల్లో ఈ పనికి బాగా పనికొచ్చేది 2024 హనుమాన్. మణి మీద ఎండ పడితేనే హీరోకి బలం అని కథే చెబుతుంది కాబట్టి వెతకాల్సింది ఎక్కడో సులువుగా తెలుస్తుంది. ప్రతి ఫైట్‌లోనూ నేల మీద నీడలు ఎటు పడ్డాయి, షాట్ మారినప్పుడు ఎటు తిరిగాయి, దెబ్బ కొట్టిన క్షణంలో మణి వెలుగులో ఉందా లేదా అని పాజ్ చేసి చూడండి.