271 కాదు, 217

నిద్ర పట్టట్లేదు. చిట్టి పడుకుంది. ఆయన పక్క గదిలో ఫోన్లో పాత మ్యాచ్ ఏదో చూస్తున్నాడు.

కాంటా మానిటర్ పోయింది. శుక్రవారం సాయంత్రం సన్నగా పొగ, కమురు వాసన, అంతే. అదీ వానాకాలం వడ్లు రోడ్డెక్కిన వారంలో! మిర్యాలగూడ మిల్లులకు పోయే ట్రాక్టర్లన్నీ మా ధర్మకాంటా ముందు బారు కట్టి ఉన్నాయట. "బొమ్మ పోయింది బిడ్డా" అని నాయన ఫోన్. "మరి కాంటా ఆపినవా?" అంటే, "ఎందుకు ఆపుత? బొమ్మే గదా పోయింది" అన్నాడు.

మాట నిజమే. కీబోర్డు పీకితే ఆ పాత కంప్యూటర్ పెట్టె మొదట్లోనే మొరాయించి ఎఫ్1 నొక్కమంటుంది (లేని కీబోర్డు మీద!). వీడియో కార్డు తీస్తే బీప్ బీప్ అని గోల. మానిటర్ తీగ పీకితే మాత్రం చప్పుడు లేకుండా డాస్ (విండోస్‌కు ముందటి, టైపు కొట్టి నడిపే సిస్టం) ఎక్కి కూర్చుంటుంది. బరువు ఎర్రంకెల ఇండికేటర్ మీద ఎటూ కనిపిస్తుంది, కామ్1 అనే సీరియల్ పోర్టు గుండా పెట్టెలోకీ పోతుంది. చీటీ డాట్ మ్యాట్రిక్స్ కొడుతుంది. కనబడనిది మనం ఏం నొక్కామన్నదే.

శనివారం షాపుకు పోయా. పాత తీగ పట్టే మానిటర్ ఒకటి ఇవ్వు నాయనా అని అడిగితే ఉపన్యాసం మొదలెట్టాడు. "గీ కాలంల డాస్ ఎవలు వాడుతున్నరమ్మా?" నేను వాడుతున్నా కాబట్టే వచ్చా కదా! కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త ప్రింటర్, ఆఖరికి కొత్త కుర్చీ కూడా చూపించాడు. పావుగంట నిలబెట్టి, మానిటర్ మాత్రం సోమవారం తెప్పిస్తానన్నాడు. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. ఫోన్ చేస్తే "బండి దారిల ఉన్నదమ్మా". ఏ బండో, ఏ దారో.

ఇటు తమ్ముడు. హైదరాబాద్‌లో కూర్చుని, "అక్కా, లాప్‌టాప్‌ల డాస్‌బాక్స్ ఏస్కో, అయిపోతది." డాస్ ప్రోగ్రాంలను కొత్త కంప్యూటర్లో నడిపే ఆ డాస్‌బాక్స్ ఆటల కోసం కట్టింది రా, మామూలుదానికి ప్రింటర్ పోర్టే లేదు, చీటీ నీ నోట్లోంచి వస్తదా అంటే, మీటింగ్ ఉందని పెట్టేశాడు. ఈ అయిపోతదిగాళ్లతో విసిగిపోయా.

సరే, నేనే చేద్దామని ఆదివారం లాప్‌టాప్, సీరియల్ తీగ పట్టుకుని పోయా. తూకం ప్రోగ్రాం లోంచి బయటికొచ్చి, చీకట్లోనే సీటీటీవై కామ్2 అని కొట్టా (డాస్ మాటలన్నీ సీరియల్ తీగకు మళ్లించే కమాండు అది). లాప్‌టాప్ మీద సీ ప్రాంప్ట్! డిర్ కొడితే ఫైళ్లన్నీ వరసగా! ఎగిరి గంతేశా. ప్రోగ్రాం మొదలుపెట్టగానే మళ్లీ ఖాళీ తెర. అది డాస్‌ను అడగదు, నేరుగా వీడియో మెమరీలో రాసేస్తుంది. అక్కడ రాసింది సీరియల్ తీగలోకి రాదు. ప్రోగ్రాం మూసి ప్రాంప్ట్‌కి వస్తే నాయన కీబోర్డు పలకదు, ఆ కమాండు కీబోర్డును కూడా లాక్కుని లాప్‌టాప్‌కిచ్చింది మరి. "ఉన్నదిగూడ ఊడగొట్టినవా?" అన్నాడు. లాప్‌టాప్ నుంచి సీటీటీవై కాన్ కొట్టి కీబోర్డు నాయనకు తిరిగిచ్చి, తలొంచుకుని కూర్చున్నా.

ఆ ప్రోగ్రాం పెట్టింది 1998లో. నేను ఏడో తరగతి. పట్నం నుంచి వచ్చినాయన రెండు రోజులు మా ఇంట్లోనే తిన్నాడు, అమ్మ ఆయనకని కోడి కోసింది. పోతూ పోతూ ఏ బటన్ తర్వాత ఏదో కాంటా గది గోడ మీద సుద్దతో రాసిపోయాడు. సున్నాలేసినప్పుడల్లా ఆ చోటు వదిలి వేయించేవాడు నాయన. అప్పట్లో నా పని లారీ నంబర్లు కిటికీలోంచి అరవడం. అన్నీ ఏపీ 24లే కాబట్టి ఆ నాలుగక్షరాలూ ముందే వచ్చేట్టు పెట్టించాడు. 2014లో టీఎస్ 05 అయింది, 2024లో టీజీ అయింది. ప్రోగ్రాం మాత్రం ఇప్పటికీ ఏపీ 24 అనే పలకరిస్తుంది. నాయన వేలు నాలుగుసార్లు వెనక్కి కొడుతుంది, టకటకటకటక. తెర ఉన్నా అటు చూడడు, కళ్లు ఇండికేటర్ మీదే. సుద్ద ఎప్పుడో చెరిగింది, గోడ మీద మరక మిగిలింది.

ఇంతకీ నాకు నిద్ర పట్టనిది షాపాయన వల్లా కాదు, తమ్ముడి వల్లా కాదు. ఇవాళ సాయంత్రం నాయన అన్నానికి పోతే నేను కూర్చున్నా. 217 చీటీ ట్రాక్టర్ ఖాళీ తూకానికొచ్చింది. నేను 271 కొట్టా. అదీ ఖాళీ తూకం కావలసిన బండే, కాబట్టి పెట్టె ఏమీ అనలేదు. చీటీ చింపి ఇచ్చేశా. పెట్టె ఆ వేరే బండి నిండు తూకంలోంచి ఈ ఖాళీ తూకం తీసేసింది, లోడు 7,640 కిలోలు పడాల్సిన చోట 7,210 పడింది. నాలుగు క్వింటాళ్ల ముప్పై కిలోలు. ఏ గ్రేడ్ వడ్లకు 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 చొప్పున పదివేల పైమాట! మిల్లు గుమాస్తా బండి నంబర్ చూసి తిప్పి పంపాడు కాబట్టి సరిపోయింది. పాపం పెద్దమనిషి, చీకట్లో అంత దూరం వెనక్కొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే నాయన, "నా చెయ్యి జారింది బావా" అన్నాడు. ఐదు రోజులుగా గుడ్డిగా కొట్టినా ఒక్క చీటీ తప్పని చెయ్యి.

పొద్దున దాకా నాదొకటే పాట: మొత్తం మార్చేద్దాం నాయనా అని. ఇప్పుడు ఆ పెట్టెను ముట్టుకోవద్దనిపిస్తోంది. కానీ నాయనకు రెండు రోజులు జ్వరమొస్తే? అదీ నిజమే. ఏమో. షాపాయన బండి రానీ ముందు.

ఎఫ్3, 2, 1, 7, ఎంటర్, ఎఫ్9, వై. టేబుల్ మీద వేళ్లతో నాలుగైదు సార్లు కొట్టి చూశా. ఏంటా చప్పుడు అంటున్నాడు ఆయన.