వెడల్పు, పొడుగు, లోతు, ఎత్తు

"అన్యజనులైన మీనిమిత్తము క్రీస్తుయేసుయొక్క ఖైదీనైన పౌలను నేను" అంటూ మొదలవుతుంది ఎఫెసీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం. ఆ మాట చదివి దాటిపోకుండా, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం పక్కన పెట్టుకుని చూడండి. యెరూషలేములో జనం పౌలు మీద ఎందుకు పడ్డారు? ఎఫెసీయుడైన త్రోఫిమును అతనితో పట్టణంలో చూశారు గనుక దేవాలయంలోకి కూడా తెచ్చాడని ఊహించుకున్నారు. పౌలును బయటికి ఈడ్చి తలుపులు మూశారు. సైనికాధికారి వచ్చి రెండు సంకెళ్లు వేయించాడు. ఆ ఖైదు కైసరయ మీదుగా రోమా దాకా సాగింది. ఈ పత్రిక అక్కడి చెరలోనే రాశాడని సంఘ సంప్రదాయం.

ఆ దేవాలయంలో అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, దాటకూడని అడ్డుగోడ ఒకటి ఉండేది. దాటి పట్టుబడితే తన చావుకు తనే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో బయటపడింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఒక ఎఫెసువాడిని ఆ గోడ దాటించాడన్న నింద మీద బంధీ అయినవాడే, ఎఫెసువాళ్లకు రాస్తూ, క్రీస్తు "మధ్యగోడను పడగొట్టి" ఉభయులను ఏకం చేశాడన్నాడు.

ఆ తర్వాతే మోకాళ్లూని ప్రార్థించాడు, క్రీస్తు ప్రేమ "వెడల్పు పొడుగు లోతు ఎత్తు ఎంతో" వాళ్లు గ్రహించాలని. పెద్ద కొలతలు ఎఫెసుకు కొత్త కాదు. ప్రపంచ వింతల్లో ఒకటైన అర్తెమి దేవత గుడి వాళ్ల ఊరిదే. దానికి 127 స్తంభాలని, ఒక్కొక్కటి 60 అడుగుల ఎత్తని రోమా రచయిత ప్లినీ రాశాడు. పౌలు మాత్రం ఒక్క లెక్కా చెప్పలేదు. పైగా ఆ ప్రేమ "జ్ఞానమునకు మించిన"ది అన్నాడు.

మించినదాన్ని తెలుసుకునేదెలా? దారి ఆ వచనంలోనే ఉంది: "సమస్త పరిశుద్ధులతో కూడ," అంటే విశ్వాసులందరితో కలిసి. ఒంటరిగా గదిలో కూర్చుని ఎంత ధ్యానించినా మనకు అందేది మన బతుకంత మేరే. ఆదివారం సాక్ష్యాల సమయంలో అక్షరం రాని ఒక పెద్దావిడ కొంగు తలమీదికి లాక్కుని లేస్తుంది. "ప్రభువుకు స్తోత్రం" అని, గొంతు పెగలక కాసేపు ఆగి, "నా పిల్లలు మరిచారు గానీ ఆయన మరవలేదయ్యా" అంటుంది. ఆ లోతు ఆమె చెప్తేనే మనకు తెలిసింది. మన చదువులు అక్కడిదాకా వెళ్లలేదు.

ఎత్తునూ లోతునూ మనం కళ్లు మూసుకుని పాడుకుంటాం. వెడల్పు దగ్గరే అడుగు ఆగిపోతుంది. ఒకే బైబిలు, ఒకే ప్రభువు బల్ల. అయినా కులాన్ని బట్టి ఊరికి ఈ చివర ఒక మందిరం, ఆ చివర ఇంకొకటి ఉన్న ఊళ్లు మనకున్నాయి. సమాధుల దగ్గర కూడా వేరైన చోట్లున్నాయి. ఇది నన్ను బాధపెడుతుంది. ఆ చివరి మందిరంలో వాళ్లు ఆయన ప్రేమను ఎంత చవిచూశారో, ఏ రాత్రులు ఆయనే దిక్కుగా గడిపారో, ఈ చివర కూర్చున్న మనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. వెళ్లి అడిగినవాళ్లమూ లేము.