చవక రోటరీ ట్యూబా, దాని గాంధారం గొడవ

మా గుంటూరులో ట్యూబా (బాగా కింది స్థాయిలో పలికే పెద్ద ఇత్తడి బాకా) అంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళు ఒంటికి చుట్టుకుని ఊదే సౌసాఫోనే గుర్తొస్తుంది అందరికీ, నాది అది కాదు, ఒళ్ళో పెట్టుకుని వాయించే డబుల్ బీ ఫ్లాట్ రోటరీది, అంటే ఆధార స్వరం బీ ఫ్లాట్, వాల్వులు గుండ్రంగా తిరిగే రకం, నాలుగు వాల్వులు, ఏది నొక్కినా గాలి అదనపు గొట్టంలోంచి కూడా పోయి స్వరం దిగుతుంది, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికింది, కంపెనీ పేరెందుకులే.

చర్చిలో కీబోర్డ్ వాయించే తమ్ముడు ట్యూనర్ యాప్ ముందుపెట్టి "అన్నా, నీ డీ పడిపోతోంది" అంటుంటాడు, అంటే డీ స్వరం శ్రుతి తగ్గుతోందని. పడిపోదా మరి, వాల్వులేవీ నొక్కకుండా వచ్చే ఆ డీ ఐదో హార్మోనిక్ (ఒకే గొట్టంలో పెదవి బిగింపుతో వరసగా పలికే సహజ స్వరాల్లో ఐదోది), లెక్క ప్రకారమే కీబోర్డ్ డీ కన్నా 14 సెంట్లు కిందుంటుంది, అంటే సెమీటోన్‌లో (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) ఏడో వంతు. బీ ఫ్లాట్‌ని సా అనుకుంటే ఇది అంతర గాంధారం, తంబూరా మీటితే దానంతటదే పలికే స్వయంభూ గాంధారమూ ఇదే, కచేరీలు విన్న చెవికి హాయిగానే ఉంటుంది. కీబోర్డుతో కలవాలంటే మాత్రం మూడో వాల్వ్ ఒక్కటీ నొక్కి అదే డీ తీస్తా, అప్పుడది ఆరో హార్మోనిక్ నుంచి మూడు సెమీటోన్లు దిగి వస్తుంది కాబట్టి ట్యూనర్ సూది మధ్యలో నిలబడుతుంది. ఇందులో చవక ట్యూబా పాపమేం లేదు.

ఒకటో, మూడో వాల్వులు కలిపి నొక్కితే శ్రుతి పైకెక్కడం కూడా అంతే, ఏ వాల్వ్ గొట్టమైనా ఒంటరిగా నొక్కినప్పటి లెక్కకి కోసిందే, రెండు కలిసేసరికి పొడవు చాలదు. ఒకటి-రెండు-మూడు అయితే దాదాపు సగం సెమీటోన్ పైకి! అందుకే ఒకటి-మూడుకి బదులు నాలుగోది, ఒకటి-రెండు-మూడుకి బదులు రెండు-నాలుగు వాడతా. అదైనా కొంచెం పైనే ఉంటుంది గానీ పెదవితో సర్దుకోవచ్చు.

అసలు తిట్టాల్సింది ఫస్ట్ స్లయిడ్ (మొదటి వాల్వ్ గొట్టంలో జారే ముక్క, బయటికి లాగితే శ్రుతి దిగుతుంది) పెట్టినవాణ్ణి. అది వెనకవైపు కిందకి తిరిగి ఉంది, వాయిస్తూ లాగుదామంటే చెయ్యే అందదు. మీటల్ని వాల్వులకి కలిపే లింకేజీలు కూడా వదులే, మెల్లగా వాయిస్తే స్వరం కన్నా టకటకే ముందు వినిపిస్తుంది. ఇక మన మేలో గొట్టంలో గాలి వేడెక్కి శ్రుతి మొత్తం పైకి పోతుంది, మొత్తం ట్యూబా శ్రుతి సర్దే మెయిన్ స్లయిడ్ లాగి పెట్టుకోవడమే, కీబోర్డ్‌కి ఎండ తగలదుగా.

ఫస్ట్ స్లయిడ్‌కి పొడుగాటి ఇత్తడి కడ్డీ టంకం పెట్టిస్తే కూర్చున్నచోటే లాగొచ్చు, ఆ పని తెలిసినవాళ్ళు గుంటూరులో గానీ బెజవాడలో గానీ ఎవరైనా ఉంటే చెప్పండి.