రైలు ఆగని స్టేషన్లు

బెర్లిన్‌లోని రోజెంతాలర్ ప్లాట్స్ స్టేషన్లో మెట్రో తలుపులు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. ఆఫీసుకు లేటవుతోందని నేను గొణుక్కుంటుంటే, పక్క సీటు పెద్దావిడ గోడకున్న నారింజ రంగు టైల్స్ చూపించి, "నా చిన్నప్పుడు ఇక్కడ అసలు ఆగేవే కావు" అంది.

ఈ యూ8 లైను పశ్చిమ బెర్లిన్‌లో మొదలై, తూర్పు బెర్లిన్ కింద నుంచి దూరి, మళ్లీ పశ్చిమంలో తేలేది. 1961లో నగరాన్ని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ లేచాక మధ్యలో ఆరు స్టేషన్లు మూతపడ్డాయి. రైళ్లు మాత్రం తిరిగాయి! స్టేషన్ రాగానే నెమ్మదించేవట. ఈవిడ కిటికీకి ముక్కు ఆనించి చూసేదట. గుడ్డి వెలుతురు, దుమ్ము, ఓ మూల తుపాకీతో కాపలావాడు.

సొరంగం వాడుకున్నందుకు పశ్చిమం వాళ్లు తూర్పు వాళ్లకు డబ్బు కూడా కట్టేవారు. పైన గోడ, కింద అద్దె. ఇల్లు పంచుకుని మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా ఇంత లెక్కగా ఉండరేమో.

గోడ 1989 నవంబర్ 9న తెరుచుకుంది. ఈ స్టేషన్ డిసెంబర్ 22న. ఆ రోజు పని లేకపోయినా ఇక్కడ దిగి, మెట్లెక్కి పైకెళ్లి చూసిందట. "ఏముంది పైన?" అన్నాను. "చలి" అంది.

ఇలాగే తూర్పు కింద నుంచి పోయే యూ6 లైను సంగతి వేరు. తూర్పు వైపున్నా ఫ్రీడ్రిష్‌స్ట్రాసేలో రైలు ఆగేది. పాస్‌పోర్ట్ తనిఖీ దాకా పోకుండానే, ప్లాట్‌ఫామ్ మీది కొట్లో పన్నులేని మందూ సిగరెట్లూ కొని వెనక్కి రావొచ్చు. వాళ్ల నాన్న అందుకే వెళ్లేవాడట. వాళ్లమ్మతో చర్చికని చెప్పి.