కాలేజీ వదిలిన అరగంట

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గరైనా ఫ్యాన్సీ షాపుకి గండం కాలేజీ వదిలిన అరగంటే. అయిదారుగురు గుంటలు ఒక్కసారే వస్తారు. కొనేది ఒకళ్ళు, తిరగేసేది మిగతావాళ్ళు. ఒకడు పై అరలోది చూపించమంటాడు, కొట్టాయన స్టూలెక్కి వీపు తిప్పుతాడు. సరుకు పోయేది అప్పుడే.

కాబట్టి ఆ అరగంట స్టూలు జోలికి పోకూడదు. వాళ్ళు అడిగే సరుకు మధ్యాహ్నమే కిందికి దించుకోవాలి. గుమ్మంలోకి రాగానే మొహంలోకి చూసి "ఏటి కావాలమ్మా?" అంటే సగం పని అయినట్టే. ఇద్దరే లోపలికి రావాలని బోర్డు పెడితే మిగతావాళ్ళు మెట్లమీద కూర్చుని వచ్చే బేరం చెడగొడతారు.

చెవిదుద్దులు గిన్నెలో పోస్తే లెక్క ఉండదు. 12 జతల అట్టలో ఎప్పుడూ 12 ఉండాలి. ఒక జత అమ్మగానే ఆ చోట కొత్తది గుచ్చెయ్యాలి. అప్పుడు ఖాళీ కనబడిందంటే అది అమ్ముడుపోయింది కాదు. ఒక అట్ట తిరిగొచ్చాకే రెండోది చేతికివ్వాలి. స్ప్రేలతో బాధ వేరు. అవి పట్టుకుపోరు, ఒంటికి కొట్టుకుని పోతారు. మూతలకి సెల్లోటేపు వేసి, ఒక్క సీసా దారం కట్టి కౌంటరు మీద ఉంచితే చాలు.

ఫోన్లో కొట్టిన డబ్బు పడిందని చెప్పే సౌండ్‌బాక్స్ "ఇరవై రూపాయలు" అని ఒక్కసారి అంటే ఇద్దరు "నాదే అన్నా" అంటారు. అబద్ధమే అనుకోనక్కర్లేదు, రెండోవాడిది మధ్యలో ఆగి ఉండొచ్చు. వాళ్ళ స్క్రీన్‌షాట్ కాదు, కొట్టు ఫోన్లో పేరు, టైము చూసి సరుకివ్వాలి.

జత తగ్గితే బ్యాగు లాగొద్దు, "దొంగ" అనొద్దు. "ఒక జత తగ్గిందమ్మా, పుస్తకాల్లో పడిందేమో చూడు" అంటే చాలాసార్లు అక్కడే 'దొరుకుతుంది'. కెమెరా వీడియో వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఘోరం. ముప్పై రూపాయల దుద్దులకి ఆ పిల్ల వీధిలో తలెత్తుకోలేదు. పైగా కేసయ్యాక 18 ఏళ్ళలోపు పిల్లల ఫోటో, పేరు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

పక్కన కిళ్ళీ కొట్టు కూడా ఉన్నవాళ్ళకి ఇంకో మాట. 2003 పొగాకు చట్టం కింద 18 లోపు వాళ్ళకి సిగరెట్ అమ్మితే జరిమానా 200 రూపాయల వరకే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్‌లో అదే పనికి ఏడేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంది. "మా నాన్నకి అన్నా" అంటే, నాన్ననే రమ్మనాలి.