పైథాన్‌లో ‘=’ ఏం చేస్తది, ఏం చేయదు

పైథాన్ కొత్తగా మొదలుపెట్టిన డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలకు లూపులు, ఫంక్షన్లు కష్టమనిపిస్తయి గాని నాలుగు ప్రోగ్రాములు రాస్తే అవి దారికొస్తయి. చాలాకాలం సతాయించేది ‘=’ గుర్తు. లెక్కల క్లాసులో దాన్ని ‘సమానం’ అని చదివి వచ్చినం కదా, ఇక్కడ కూడా అదే అనుకుంటం. పైగా చాలా చోట్ల ‘వేరియబుల్ అంటే డబ్బా, అందులో విలువ వేస్తం’ అని చెప్తరు. ఆ డబ్బా మాట మొదటి వారం పనికొస్తది, రెండో వారం నుంచి తప్పులు చేయిస్తది. వడ్ల సంచికి కట్టే చీటీ అనుకుంటే మాత్రం చివరిదాకా పనికొస్తది. సంచి వేరు, చీటీ వేరు. ఒకే సంచికి రెండు చీటీలు కట్టొచ్చు, ఒక చీటీని విప్పి ఇంకో సంచికి కట్టొచ్చు. ‘=’ చేసే పని చీటీ కట్టడమే, సంచిని ఇంకొకటి తయారుచేయదు.

ముందు ఒక సంగతి. గీడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1991లో బయటపెట్టిండు. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు. అందుకే కింద లైన్లలోని తెలుగు పేర్లను ఉన్నవి ఉన్నట్టు టైప్ చేసినా పైథాన్ ఒప్పుకుంటది. నేర్చుకునేటప్పుడు ఇట్ల రాయడం నా దృష్టిలో మంచిదే, ఏది భాష గుర్తో ఏది మనం పెట్టిన పేరో ఒక్క చూపులో తెలుస్తది. పదిమంది కలిసి చేసే కంపెనీ కోడ్‌లో మాత్రం వద్దు.

```
మద్దతు = 2320
బోనస్ = 500
సన్నాలు = మద్దతు + బోనస్
మద్దతు = 2389
```

2024–25లో గ్రేడ్-ఎ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2320 రూపాయలు, 2025–26కు 2389. సన్న వడ్లకు తెలంగాణ రాష్ట్రం ఇస్తనన్న బోనస్ 500. ఇప్పుడు ‘సన్నాలు’ విలువ ఎంత? 2889 అనుకునేటోళ్లు ఎక్కువ. కాదు, 2820.

పైథాన్ ఎప్పుడైనా ‘=’కు కుడి వైపునే ముందు చూస్తది. మూడో లైన్‌లో మద్దతు అనే పేరు ఆ క్షణాన దేనికి కట్టి ఉందో చూసింది, 2320. దానికి 500 కలిపి 2820 అనే కొత్త అంకెను తయారుచేసింది. ఆ తర్వాత ఎడమ వైపుకొచ్చి, ‘సన్నాలు’ అనే పేరును దానికి కట్టింది. ఆ 2820 ఎక్కడి నుంచి వచ్చిందో దానికి గుర్తుండదు. నాలుగో లైన్‌లో ‘మద్దతు’ పేరు విప్పి 2389కి కట్టినం, అంతే. ఎక్సెల్‌లో సెల్ మారితే ఫార్ములా మళ్లీ లెక్కగడ్తది. ఎక్సెల్ అలవాటున్నోళ్లు ఇక్కడే బోల్తా పడ్తరు. ధర మారినాక మూడో లైన్‌ను మళ్లీ నడిపించాలె, లేదంటే దాన్ని ఫంక్షన్‌లో పెట్టాలె.

కుడి వైపు ముందు అన్న నియమం తెలిస్తే ‘సంచులు = సంచులు + 1’ కూడా వింతగా ఉండదు. పాత విలువ తీసి, ఒకటి కలిపి, అదే పేరును కొత్త విలువకు కట్టింది. రెండు పేర్ల విలువలు మార్చుకోవాలన్నా మూడో పేరు అక్కర్లేదు:

```
ముందు, వెనక = వెనక, ముందు
```

కుడి వైపు రెండు విలువలు ముందే తీసి పెట్టుకున్నది కాబట్టి ఏదీ పోదు. ఎడమ వైపు రెండు పేర్లుండి కుడి వైపు మూడు విలువలుంటే వాల్యూ ఎర్రర్ వస్తది. ఎన్ని వస్తయో తెల్వకపోతే ఒక పేరు ముందర నక్షత్రం గుర్తు పెట్టాలె, మిగిలినవన్నీ ఒక లిస్ట్‌గా దానికి పోతయి. లిస్ట్ అంటే చదరపు బ్రాకెట్లలో వరుసగా పెట్టిన విలువలు.

అంకెలు, స్ట్రింగులు (కొటేషన్ల మధ్య రాసే మాటలు) ఉన్నన్ని రోజులు డబ్బా అనుకున్నా నడిచిపోతది, ఎందుకంటే వాటిని లోపల మార్చలేం. 2320ని ఎవరూ 2389 చేయలేరు, పేరునే ఇంకో అంకెకు కట్టగలరు. లిస్ట్, డిక్షనరీ, సెట్ వచ్చినాకనే అసలు కథ. ఇవి లోపల మారుతయి.

```
పగలు = ["నల్లగొండ", "నార్కట్‌పల్లి", "చిట్యాల", "చౌటుప్పల్"]
రాత్రి = పగలు
రాత్రి[3] = "ఎల్‌బీ నగర్"
```

రాత్రి బస్సు చౌటుప్పల్‌లో ఆగదు, నేరుగా ఎల్‌బీ నగర్ పోతదని మార్చినం. లిస్ట్‌లో లెక్క సున్నా నుంచి మొదలు, కాబట్టి [3] అంటే నాలుగోది. ఇప్పుడు ‘పగలు’ను ప్రింట్ చేసి చూడండి. అందులోనూ చౌటుప్పల్ లేదు. రెండో లైన్ లిస్ట్‌ను కాపీ చేయలేదు, ఉన్న ఒక్క లిస్ట్‌కే రెండో పేరు కట్టింది. మూడో లైన్‌లో ‘=’ ఉన్నా అది పేరు మార్చేది కాదు. ‘=’కు ఎడమ వైపు పేరు తర్వాత చదరపు బ్రాకెట్ వచ్చిందంటే ఆ వస్తువు లోపలికి పోయి మార్చమని అర్థం. ‘రాత్రి = ...’ అని రాస్తే పేరు మారుతది, ‘రాత్రి[3] = ...’ అని రాస్తే వస్తువు మారుతది. ఈ తేడా పట్టుబడ్డదంటే సగం బగ్గులు రాకముందే ఆగిపోతయి.

వేరే లిస్ట్ కావాలంటే అడిగి చేయించుకోవాలె:

```
రాత్రి = పగలు[:]
```

బ్రాకెట్‌లో ఒక్క కోలన్ అంటే మొదటి నుంచి చివరి దాకా అన్నీ తీసి కొత్త లిస్ట్ చేయమని. కాపీ మెథడ్ కూడా ఇదే పని చేస్తది. ‘పగలు[::-1]’ అంటే తిరుగు ప్రయాణం, అది కూడా కొత్త లిస్టే. రివర్స్ మెథడ్ అట్ల కాదు, ఉన్న లిస్ట్‌నే తిరగేసి ఏమీ ఇవ్వదు. సార్ట్ కూడా అంతే. అందుకే సార్ట్ చేసి వచ్చిన ఫలితాన్ని మళ్లీ అదే పేరుకు కడితే లిస్ట్ పోయి ‘నన్’, అంటే ‘ఏమీ లేదు’ అనే విలువ, మిగులుతది. ఆ లైన్‌లో ఎర్రర్ రాదు, పది లైన్ల కింద ఎక్కడో వస్తది, అక్కడ వెతికితే ఏం దొరకది. కొత్త లిస్ట్ కావాలంటే సార్టెడ్ అనే ఫంక్షన్ వాడాలె.

ఈ కాపీలు పై పొర వరకే. లిస్ట్ లోపల లిస్టులుంటే బయటిది కొత్తదైతది గాని లోపలివి పాతవే. దీనికి అందరూ ఒక్కసారన్నా పడే గుంత ఇది:

```
పట్టిక = [[0] * 3] * 2
పట్టిక[0][1] = 35
```

తిప్పర్తి, కనగల్‌లో వడ్లు కొనే రెండు సెంటర్లకు మూడు రోజుల సంచుల లెక్క అనుకోండి. మొదటి సెంటర్‌కు రెండో రోజు 35 వేసినం. వచ్చే ఫలితం [[0, 35, 0], [0, 35, 0]]. లోపలి ‘* 3’ దగ్గర తప్పేం లేదు, సున్నాను మార్చలేం కాబట్టి. బయటి ‘* 2’ ఒకే వరుసను రెండు సార్లు చూపించింది. ప్రతి వరుసను విడివిడిగా తయారుచేయాలె: రెండే అయితే ‘[[0] * 3, [0] * 3]’ అని రాయొచ్చు, ఎక్కువుంటే లిస్ట్ కాంప్రిహెన్షన్ (బ్రాకెట్ లోపలే లూపు రాసే పద్ధతి) వాడాలె. తయారైపోయిన పట్టికను లోపలిదాకా కాపీ చేయాలంటే కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ. పెద్ద డేటా మీద అది నెమ్మది, కాబట్టి అవసరమున్న చోటే.

‘+=’ ఇంకో చిక్కు. ‘క = క + [1]’ అంటే కొత్త లిస్ట్ తయారై దానికి పేరు కట్టబడ్తది. ‘క += [1]’ అంటే ఉన్న లిస్ట్‌కే చివర కలుస్తది. అదే లిస్ట్‌కు ఇంకో పేరుంటే మొదటి దాంట్లో ఆ పేరుకు ఏం కాదు, రెండో దాంట్లో అది కూడా మారినట్టు కనిపిస్తది. రెండూ ఒకటే అని నేర్పే నోట్సులు చాలా ఉన్నయి. అంకెలకు అది నిజం, లిస్టులకు తప్పు. ఎంత తప్పో చూడాలంటే:

```
జత = ([35], [42])
జత[0] += [5]
```

గుండ్రటి బ్రాకెట్లలో రాసింది టపుల్. దాన్ని మార్చలేం కాబట్టి టైప్ ఎర్రర్ వస్తది. కాని ఆ తర్వాత ‘జత’ను చూస్తే ([35, 5], [42]) అని ఉంటది. ఎర్రర్ వచ్చింది, పని కూడా అయింది. ఎందుకంటే ‘+=’లో రెండు మెట్లున్నయి: ముందు లోపలి లిస్ట్‌కు 5 కలపడం, తర్వాత దాన్ని టపుల్ మొదటి చోట మళ్లీ కట్టడం. మొదటి మెట్టు అయిపోయినాకనే రెండో మెట్టు దగ్గర ఆగింది.

ఫంక్షన్‌కు లిస్ట్ పంపించినా కాపీ పోదు, లోపలి పేరు కూడా అదే లిస్ట్‌కు కట్టుకుంటది. డిఫాల్ట్ విలువగా ఖాళీ లిస్ట్ పెడితే అది ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారైతది, పిలిచిన ప్రతిసారి పాత సరుకుతోనే వస్తది. అక్కడ ‘నన్’ పెట్టి లోపల కొత్త లిస్ట్ తయారుచేసుకోవాలె. ఇంకొకటి, ఫంక్షన్ లోపల ఎక్కడైనా ఒక పేరుకు ‘=’ పెడితే ఆ పేరు ఫంక్షన్ మొత్తానికి లోకల్, అంటే లోపలికే పరిమితం, అయిపోతది. బయట అదే పేరున్నా, లోపల విలువ కట్టకముందే దాన్ని చదివితే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్. గ్లోబల్ అని రాసి తప్పించుకోవచ్చు గాని, విలువను రిటర్న్ చేసి బయట కట్టుకోవడం శుభ్రమైన పద్ధతి.

పేర్ల విషయంలో జాగ్రత్తలు. కుడి వైపు పేరు తప్పు రాస్తే నేమ్ ఎర్రర్ వచ్చి మనల్ని కాపాడ్తది. ఎడమ వైపు తప్పు రాస్తే, ‘మొత్తం’ బదులు ‘మొత్తము’ అని రాస్తే, పైథాన్ ఏమీ అనదు, కొత్త పేరు పెట్టుకుని ముందుకుపోతది. లెక్క సున్నా దగ్గరే ఆగిందంటే మొదలు చూడాల్సింది ఇదే. లిస్ట్, సమ్, మ్యాక్స్ లాంటి భాషలోని పేర్లను మన వేరియబుళ్లకు పెట్టొద్దు. పెట్టినప్పుడు ఏం కాదు, తర్వాత ఆ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు ‘కాలబుల్ కాదు’, అంటే ఇది పిలవదగ్గది కాదు, అని ఎర్రర్ వస్తది.

తెలుగు పేర్లు పెట్టుకునేటోళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ‘స్టాప్‌లు’ లాంటి మాట టైప్ చేసినప్పుడు పొల్లును విడిగా చూపించేందుకు కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడ్తది. కొటేషన్ల మధ్య ఉంటే ఏ గొడవా లేదు, పైన ‘నార్కట్‌పల్లి’లో అదే ఉన్నది. వేరియబుల్ పేరులో ఉంటే మాత్రం సింటాక్స్ ఎర్రర్. కండ్లు పెద్దవి చేసి చూసినా తప్పు కనిపించదు కాబట్టి అట్లాంటి మాటలను పేర్లుగా పెట్టకపోవడమే మేలు. తెలుగు అంకెలను కోడ్‌లో నేరుగా రాస్తే కూడా ఎర్రరే. కాని ౪౦ అనే స్ట్రింగ్‌ను ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే 40గా మార్చి ఇస్తది. ఇన్‌పుట్ ఫంక్షన్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అట్ల వచ్చిన రెండింటిని అంకెలుగా మార్చకుండా కూడితే 40కి 5 కలిపి 405 వస్తది.

లైనక్స్‌లో కమాండ్లు వరుసగా రాసి నడిపించే బాష్ స్క్రిప్టులకు పోతే పద్ధతి మారుతది. అక్కడ ‘=’కు అటూ ఇటూ ఖాళీ ఉండొద్దు. ఖాళీ వదిలితే మొదటి మాటను కమాండ్ అనుకుని, దొరకలేదంటది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప పేర్లలో ఇంకేం పనికిరావు, తెలుగు పేరు పెడితే అదే ‘కమాండ్ దొరకలేదు’ ఎర్రర్. విలువలు మామూలుగా అక్కడ స్ట్రింగులే.

పైథాన్‌లో రెండు పేర్లు ఒకే వస్తువుకు కట్టి ఉన్నయా అన్న అనుమానం వస్తే ఐడీ ఫంక్షన్‌తో రెండింటి నంబర్లు ప్రింట్ చేసి చూడాలె, ఒకటే వస్తే వస్తువు ఒకటే. ఈ పరీక్షను లిస్టుల మీద చేయాలె. చిన్న అంకెల మీద చేస్తే అయోమయమే, ఎందుకంటే మనం మామూలుగా వాడే సీపైథాన్ చిన్న అంకెలను ముందే తయారుచేసి పెట్టుకుని అందరికీ అవే ఇస్తది. బొమ్మలో చూడాలనుకుంటే పైథాన్ ట్యూటర్ వెబ్‌సైట్‌లో పైన ఉన్న బస్సు లైన్లు పెట్టి ఒక్కొక్క అడుగు నడిపించండి. రెండో లైన్ తర్వాత రెండు పేర్ల నుంచి రెండు బాణాలు ఒకే లిస్ట్ మీదికి పోతయి. ‘[:]’ పెట్టి మళ్లీ నడిపిస్తే లిస్టులు రెండైతయి.